లెన్స్ తిరిగింది, తప్పు మనవడిది కాదు

హబ్సిగూడ నుంచి 62 ఏళ్ల ఒక గృహిణి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. క్లుప్తంగా విషయం ఇదీ.

పదో తరగతి నుంచీ ఆమెకు దళసరి కళ్లద్దాలే. రెండు కళ్లకూ మైనస్ 9 దాకా సైటు, దాని మీద సిలిండర్ పవర్, అంటే కంటి వంపు అన్ని దిక్కులా ఒకేలా లేక వచ్చే సైటు. ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుట్టి, కుచ్చులు వేసి నాలుగు డబ్బులు సంపాదిస్తున్నారు. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదరడంతో ముందు కుడి కంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. సిలిండర్ కూడా పోవాలంటే టోరిక్ లెన్స్ వేయాలన్నారట. 60 వేలు కట్టారు. మర్నాడు కట్టు విప్పగానే గోడ మీది క్యాలెండర్ అంకెలు అద్దాల్లేకుండా కనబడి ఏడుపొచ్చిందని రాశారు. వారం తర్వాత మెట్రో స్టేషన్లో చూస్తే బోర్డు మీది ప్రతి అక్షరానికీ పక్కన ఒక నీడ. మళ్లీ చూపించుకుంటే, డాక్టరు చుక్కల మందు వేసి చూసి, లెన్స్ 14 డిగ్రీలు పక్కకు తిరిగిందనీ, ఇంకోసారి థియేటర్‌కి తీసుకెళ్లి సరిచేస్తామనీ చెప్పారు.

అక్కణ్నుంచి ఇంట్లో గొడవ మొదలైంది. ఐదో రోజున ఏడాదిన్నర మనవణ్ణి ఎత్తుకున్నావు, అందుకే జరిగిందని భర్త. పుంటికూర తిన్నావు, పథ్యం చెడిందని ఆడపడుచు. కోడలైతే పిల్లాణ్ణి ఆమె గదిలోకే రానివ్వడం లేదు. కొడుకు హాస్పిటల్ మీద కేసు వేద్దామంటున్నాడు. ఆమెకేమో మెట్లు దిగుతుంటే కళ్లు తిరుగుతున్నాయి, కుడి పక్కన నెలవంకలా ఒక నల్లటి నీడ కనిపిస్తోంది. "లెన్స్ లోపల వదులుగా తిరుగుతోందా? ఎప్పుడైనా జారి పడిపోతుందా? మళ్లీ కంట్లో కత్తి పెట్టించుకోవాలా? రెండో కన్ను ఇక ఇలాగే వదిలేయనా?" అని అడిగారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో కంటి గురించి రాసింది తక్కువ, ఎవరెవరు ఏమన్నారో రాసింది ఎక్కువ. ఆపరేషన్ ఒకరికి జరిగినా అభిప్రాయాలు ఇంటిల్లిపాదికీ ఉంటాయి మన దగ్గర. అందుకని ముందు మనవడి సంగతి తేల్చి, తర్వాత కంటి దగ్గరికి వస్తాను.

టోరిక్ లెన్స్ తిరగడం అనేది జరిగితే చాలావరకు ఆపరేషన్ అయిన తొలి గంటల్లోనే జరుగుతుంది. దాదాపు అంతా మొదటి రోజుతోనే ముగుస్తుంది. లెన్స్ వెనకాల సర్జన్ వాడే జెల్ కాస్త మిగిలిపోయినా, కంటి లోపలి ఒత్తిడి కాసేపు తగ్గినా, లెన్స్ కూర్చున్న సంచి పెద్దదైనా అది కొంచెం పక్కకు తిరగొచ్చు. మీరు బాబును ఎత్తుకుంది ఐదో రోజున. మొదటి రోజు బాగా కనిపించింది కదా, కాబట్టి తర్వాతే తిరిగిందని మీవారు వాదిస్తారు. అది రుజువు కాదు. ఏళ్ల తరబడి మసకలో ఉన్న కంటికి ఆ ఉదయం ఏది చూసినా అద్భుతంగానే ఉంటుంది. పైగా మర్నాటి పరీక్షలో కంటిపాపను పెద్దది చేసే చుక్కలు అన్నిచోట్లా వేయరు. అవి వేయకుండా లెన్స్ మీది గుర్తులు సరిగ్గా కనబడవు. ఏ రోజున తిరిగిందో మీ కేసు కాగితాల్లో ఉండకపోవచ్చు గానీ, నేనైతే మీ మనవణ్ణి నిందితుల జాబితాలోంచి కొట్టేస్తాను. పుంటికూరను కూడా. ఏం తిన్నా లెన్స్ తిరగదు. వంకాయ, శనగపిండి, చేపలు, ఇలా నా దగ్గరికి వచ్చినవాళ్లు చదివిన పథ్యాల చిట్టాలో ఉన్నవేవీ లెన్స్ వరకూ వెళ్లవు.

అసలు కారణం మీరు ఉత్తరం మొదట్లోనే రాసి దాటిపోయారు. మైనస్ 9. అంత మైనస్ ఉన్న కన్ను మామూలు కన్ను కంటే పొడవుగా ఉంటుంది. లోపల లెన్స్‌ను పట్టుకునే పొర సంచి కూడా అలాంటి కళ్లలో పెద్దదిగా, వదులుగా ఉండే అవకాశం ఎక్కువ. శుక్లం తీసేశాక ఖాళీ అయిన ఆ సంచిలోనే కృత్రిమ లెన్స్ పెడతారు. మధ్యనున్న గుండ్రటి భాగం సుమారు 6 మిల్లీమీటర్లు, అటూ ఇటూ ఉండే వంపు తిరిగిన రెండు చేతులతో కలిపితే 13 దాకా ఉంటుంది. ఆ చేతులు స్ప్రింగులా సంచి గోడలకు ఒత్తుకుని లెన్స్‌ను నిలబెడతాయి. దిండు కంటే గలీబు పెద్దదైతే లోపల దిండు ఎలా మెసులుతుందో ఇదీ అంతే. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లలో టోరిక్ లెన్సులు మిగతావాళ్లలో కంటే ఎక్కువగా తిరుగుతాయని సర్జన్లందరికీ తెలుసు. మీ ప్రవర్తనకూ దీనికీ సంబంధం లేదు, మీ కంటి నిర్మాణానికే సంబంధం.

ఇప్పుడు మీరు చెప్పిన ఇబ్బందులు చూద్దాం. మూడింటినీ కలిపి లెన్స్ ఖాతాలో వేశారు మీరు. నిజానికి అవి మూడు వేర్వేరు సంగతులు.

అక్షరాల పక్కన నీడ, ఇది నిజంగానే లెన్స్ తిరగడం వల్ల వచ్చింది. మామూలు లెన్స్ గుండ్రంగా ఎటు తిరిగినా పవర్ మారదు. అందుకే మీ వాడకట్టులో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కొందరికి లెన్స్ తిరిగి ఉన్నా వాళ్లకు తెలియదు. టోరిక్‌లో పవర్ ఒక దిక్కున ఒకలా, ఇంకో దిక్కున ఇంకోలా ఉంటుంది. సరైన గీత మీద కూర్చుంటేనే సిలిండర్ పోతుంది. గీత తప్పిన ఒక్కో డిగ్రీకి సుమారు 3.3 శాతం ప్రయోజనం పోతుంది. 30 డిగ్రీలు తిరిగితే టోరిక్ వేసీ వేయనట్టే. ఆ లెక్కన మీ 14 డిగ్రీలకు దాదాపు సగం పోయింది, సగం మిగిలింది. ఇదివరకు మీకు రెండు సిలిండర్ ఉందనుకుంటే ఇప్పుడు ఇంచుమించు ఒకటి ఉండాలి. అది వదిలేయదగ్గ తేడా కాదు, అలాగని కన్ను పోయేంతదీ కాదు.

మెట్ల మీద కళ్లు తిరగడం లెన్స్ పని కాదు. మీరు పాత కళ్లజోడులో కుడి అద్దం తీయించేసి, ఎడమ అద్దం అలాగే ఉంచుకుని తిరుగుతున్నానని రాశారు. అంటే కుడి కన్ను వస్తువును అసలు సైజులో చూస్తుంది, ఎడమ కన్ను మైనస్ 9 అద్దంలోంచి చిన్నదిగా చూస్తుంది. రెండు సైజుల బొమ్మల్ని మెదడు కలపలేదు. కిందికి చూసి మెట్టు దిగేటప్పుడు ఆ దళసరి అద్దం అంచులోంచి చూస్తారు కాబట్టి బొమ్మ ఇంకా పక్కకు జరుగుతుంది. రేపట్నుంచి మెట్ల మీద ఆ జోడు తీసేయండి, కుడి కంటితోనే చూస్తూ రెయిలింగ్ పట్టుకుని దిగండి. రెండో కంటికి ఆపరేషన్ అయ్యేదాకా ఎడమ కంటికి కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోవచ్చేమో డాక్టర్ని అడగండి, చాలామందికి హాయిగా ఉంటుంది. మీ మెట్ల భయానికి అసలు మందు రెండో కంటి ఆపరేషనే.

కుడి పక్కన నెలవంక నీడ మూడోది. లెన్స్ అంచు జారి కనబడుతోందని మీ అనుమానం. లెన్స్ సంచిలో చక్కగా మధ్యలో కూర్చున్నవాళ్లకే సాధారణంగా ఇది వస్తుంది. పక్కనుంచి వచ్చే వెలుతురు లెన్స్ అంచు దగ్గర వంగడంలో ఒక చిన్న ఖాళీ మిగిలి అలా నీడలా కనిపిస్తుంది. చాలామందిలో కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అయితే ఒక హెచ్చరిక. ఎక్కువ మైనస్ ఉన్న కళ్లలో రెటీనా, అంటే కంటి వెనకాల బొమ్మ పడే పొర, విడిపోయే ప్రమాదం మిగతావాళ్ల కంటే ఎక్కువ. నీడ ఉన్నచోటే ఉండకుండా తెరలా పెరుగుతున్నా, మెరుపులు కనబడినా, నల్లటి చుక్కలు ఒక్కసారిగా జల్లినట్టు వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లండి. అలాగే నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం మూడూ కలిసి వస్తే అర్ధరాత్రయినా సరే.

జారి పడిపోతుందా అన్నారు. కృత్రిమ లెన్స్‌ను మొదటిసారి మనిషి కంట్లో పెట్టింది 1949లో, లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు. ఆయన లెన్స్‌కు చేతులు లేవు, బరువు కూడా ఎక్కువ. కొందరిలో జారిపోయేవి. ఇప్పటివి తేలికైనవి, మడత పెట్టి 3 మిల్లీమీటర్ల లోపు కోతలోంచి పంపేవి. సంచి పైపొరలో లెన్స్ కంటే కాస్త చిన్నగా గుండ్రటి కిటికీ కోస్తారు, ఆ కిటికీ అంచు లెన్స్ మీద చుట్టూ కప్పుకుని ఉంటుంది. కొన్ని వారాల్లో సంచి కుంచించుకుని చేతుల చుట్టూ బిగుసుకుంటుంది. ఆ తర్వాత తుమ్మినా, దగ్గినా, మన రోడ్ల మీద ఆటోలో తిరిగినా, వంగి దండం పెట్టినా అది కదలదు. ఎన్నో ఏళ్ల తర్వాత సంచితో సహా జారే సందర్భాలు లేకపోలేదు గానీ అరుదు. సంచిని వేలాడదీసే సన్నటి దారాలు బలహీనపడిన కళ్లలో అలా జరుగుతుంది. కంటికి గట్టి దెబ్బ తగిలినవాళ్లు, రెటీనా ఆపరేషన్ జరిగినవాళ్లు, కంట్లో బూడిదలాంటి పొడి పేరుకునే జబ్బు ఉన్నవాళ్లు, మీలాగే ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లు ఆ జాబితాలోకి వస్తారు. మీరు చేయాల్సిందల్లా ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని చూపించుకోవడం, కళ్లు గట్టిగా నలుపుకునే అలవాటు ఉంటే మానడం. ఒకవేళ ఎప్పుడైనా జారినా దాన్ని తీసి కంటి తెల్లగుడ్డుకు బిగించే పద్ధతులున్నాయి. అందులో జిగురుతో అతికించే పద్ధతిని 2007లో ప్రపంచానికి చూపించింది మన పక్కనున్న చెన్నై సర్జనే, అమర్ అగర్వాల్.

ఇక నిర్ణయం. మీ ముందు దారులున్నాయి, ఏది ఎంచుకున్నా కన్నుకు పెద్ద ముప్పు లేదు. కాబట్టి భయంతో కాకుండా మీకేం కావాలో చూసుకుని తేల్చుకోండి.

డాక్టరు చెప్పినట్టు తిప్పించుకోవడం ఒకటి. దాన్ని మళ్లీ ఆపరేషన్ అని మీరు వణికిపోతున్నారు. శుక్లం తీయడం లేదు, కొత్త లెన్స్ పెట్టడం లేదు. చుక్కల మత్తు వేసి, పాత కోతలోంచే జెల్ పంపి, లెన్స్‌ను కొక్కెంతో మెల్లగా గీత మీదికి జరిపి, జెల్ కడిగేస్తారు. నిమిషాల పని. కన్ను తెరిచినప్పుడల్లా ఇన్‌ఫెక్షన్ అనే చిన్న ప్రమాదం మాత్రం తప్పదు. మీ సంచి పెద్దదైతే మళ్లీ తిరిగే అవకాశం కూడా కొంత ఉంటుంది. అందుకే కొందరు సర్జన్లు అలాంటప్పుడు సంచిలో ఒక రింగు పెట్టి బిగువు తెస్తారు. మీకు అది అవసరమా అని అడగండి. ఇంకో మాట, లెన్స్‌ను మొదట అనుకున్న గీత మీదికే తిప్పుతారా, ఇప్పటి పవర్ కొలిచి కొత్తగా లెక్క వేస్తారా అన్నది కూడా అడగండి. రెండోదే మేలు, కోత వల్ల సిలిండర్ కొద్దిగా మారి ఉండొచ్చు.

ఇక్కడ కాలం ముఖ్యం. మరీ తొందరపడి మొదటి వారంలో తిప్పితే సంచి ఇంకా పట్టు బిగించదు, మళ్లీ తిరగొచ్చు. మరీ ఆలస్యమైతే పొర అతుక్కుపోయి తిప్పడం కష్టం. మీకిప్పుడు రెండు వారాలు దాటాయి, మీ ఉత్తరంలోని తేదీని బట్టి. ఇదే అనువైన సమయం. ఇంకో నెల ఇంట్లో పంచాయితీ పెట్టుకుంటే ఈ దారి మూసుకుపోకపోయినా ఇరుకవుతుంది. ఈలోగా ఎవరైనా పొర మసకేసిందని లేజర్ చేస్తామంటే, లెన్స్ తిప్పించాలో వద్దో తేలేదాకా వద్దనండి. లేజర్‌తో వెనక పొరకు రంధ్రం పడితే తిప్పడం రిస్కు అవుతుంది.

తిప్పించకుండా కళ్లద్దాలతో సరిపెట్టుకోవడం రెండో దారి. సాధారణంగా 10 డిగ్రీలు దాటి, మనిషికి ఇబ్బందిగా ఉంటేనే తిప్పుతారు. 14 ఉన్నా ఇబ్బంది లేదనుకుంటే వదిలేయొచ్చు. నెలా నెలన్నరకు పవర్ నిలదొక్కుకున్నాక అద్దాలు రాయించుకుంటే అక్షరాల నీడ పూర్తిగా పోతుంది. 60 వేలు పోసి మళ్లీ అద్దాలా అని మీకు కడుపు మండుతుంది, న్యాయమే. కానీ ఒక సంగతి ఆలోచించండి. మీరు కుచ్చులు వేసేటప్పుడు అద్దాలు తీసేసి, చీర అంచు ముక్కు దగ్గర పెట్టుకుని వేస్తానని రాశారు. మైనస్ ఉన్నవాళ్లకు దేవుడిచ్చిన వరం అది. దూరం చూపుకు లెన్స్ వేసిన కుడి కంటితో ఇక అది కుదరదు, దగ్గరి పనికి ఎటూ అద్దాలు కావాలి. రోజులో ఎక్కువ సేపు ఎలాగూ అద్దాలు పెట్టుకునే మనిషికి తిప్పించడం వల్ల కలిగే లాభం, రోజంతా బయట తిరిగే మనిషికి కలిగేంత ఉండదు. బండి నడిపే మనిషైతే తిప్పించుకోమని గట్టిగా చెప్పేవాణ్ణి. మీ విషయంలో నా మొగ్గు తిప్పించడం వైపే గానీ, కొంచెమే. మెట్రో బోర్డు చదవడం మీకెంత ముఖ్యమో మీకే తెలుసు.

ఏకంగా లెన్స్ మార్చేయమని కూడా ఎవరైనా అనొచ్చు. పవర్ లెక్కే తప్పితే తప్ప ఆ దారిలోకి వెళ్లకండి.

నమ్మకం కుదరకపోతే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి, అది మొదటి డాక్టర్ని అవమానించడం కాదు. మన హైదరాబాద్‌లో ఆ కొరత లేదు. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, మెహదీపట్నం వైపు ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. ఎక్కడికెళ్లినా డిశ్చార్జి కాగితం, లెన్స్ స్టిక్కర్ ఉన్న కార్డు, ఆపరేషన్‌కు ముందు కన్ను కొలిచిన ప్రింటు, మూడూ చేతిలో ఉండాలి. అవి అడిగి తీసుకోవడం మీ హక్కు. పరీక్ష ఎలా ఉంటుందో చెబుతాను, కంగారు ఉండదు. కంటిపాప బాగా పెద్దదయ్యేదాకా చుక్కలు వేసి కూర్చోబెడతారు. తర్వాత మైక్రోస్కోప్ ముందు గడ్డం ఆనిస్తే సన్నటి చీలికలాంటి వెలుతురు కంట్లో పడుతుంది. లెన్స్ అంచున అటూ ఇటూ సూదిమొన చుక్కల్లాంటి గుర్తులుంటాయి. ఆ వెలుతురు గీత రెండు వైపుల చుక్కల మీదుగా పోయేలా డాక్టరు దాన్ని తిప్పి, పరికరం మీది డిగ్రీల స్కేలు చదువుతారు. ఆ అంకె కాగితం మీద రాసివ్వమనండి. ఇంటికొచ్చేటప్పుడు అంతా మసగ్గా, ఎండ భరించలేనట్టు ఉంటుంది, ఒంటరిగా వెళ్లొద్దు.

మీ అబ్బాయి కోపం అర్థమవుతుంది. కానీ టోరిక్ తిరగడం చేయి తిరిగిన సర్జన్ల దగ్గర కూడా జరిగేదే, మీరు సంతకం పెట్టిన కాగితంలో బహుశా రాసే ఉంటుంది. డాక్టరు దాచకుండా కొలిచి, తిరిగిందని తనే చెప్పి, సరిచేస్తానన్నారు. నిర్లక్ష్యం అనడానికి ఇంతకంటే ఎక్కువ కావాలి. అయినా అతను వినకపోతే ఒక్క లెక్క చెప్పండి: 2019 వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. లెన్స్ సులువుగా తిప్పడానికి అంత గడువు లేదు. ముందు కన్ను, తర్వాత కేసు. హాస్పిటల్‌తో ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఖర్చు సంగతి. తిప్పడానికి మళ్లీ డబ్బు కట్టాలా, మళ్లీ తిరిగితే ఎవరి ఖర్చు, ఈ రెండూ మర్యాదగా, ముందుగానే, వీలైతే కాగితం మీద అడగమనండి అబ్బాయిని. కోపం ఉన్నవాళ్లకు పని అప్పగిస్తే ఇల్లు కూడా కాస్త నెమ్మదిస్తుంది.

కోడల్ని మాత్రం తప్పు పట్టకండి. ఆ అమ్మాయి చెప్పే కారణం తప్పు, చేసే జాగ్రత్త సగం కరెక్టు. పిల్లాడి బరువు లెన్స్‌ను తిప్పదు. కానీ ఏడాదిన్నర వాడి చేయి గానీ, తలకాయ గానీ ఎప్పుడొచ్చి కంటికి తగులుతుందో ఎవరికీ తెలియదు. కోత మానుతున్న కంటికి ఆ దెబ్బే ప్రమాదం. నల్ల కళ్లజోడు పెట్టుకుని మీరు మంచం మీద కూర్చోండి, వాణ్ణి తెచ్చి మీ ఒళ్లో వేయమనండి. తిప్పించుకుంటే మళ్లీ రెండు మూడు వారాలు ఇదే పద్ధతి.

ఎడమ కన్ను వదిలేయడం గురించి: అది మీరు చేయగలిగిన అన్నిటికంటే చెడ్డ పని. శుక్లం ముదిరేకొద్దీ ఆపరేషన్ కష్టమవుతుంది, ఈ రెండు కళ్ల తేడాతో ఎక్కడో మెట్ల మీద పడతారు. అయితే ఎడమ కన్ను కూడా పొడవైనదే కాబట్టి కుడి కంటి అనుభవం డాక్టరుకు ఇప్పుడు తెలుసు. మళ్లీ టోరిక్ వేస్తే రింగుతో వేయొచ్చు. లేదా మామూలు లెన్స్ వేసి మిగిలిన సిలిండర్‌కు అద్దాలు పెట్టుకోవచ్చు, ఖర్చు చాలా తగ్గుతుంది, తిరిగినా బాధ లేదు. ఇంకో మార్గం కూడా ఉంది: ఎడమ కంటికి పూర్తిగా దూరం చూపు కాకుండా, కొంచెం మైనస్ మిగిలేలా లెన్స్ వేయడం. అప్పుడు కుచ్చులు వేసే దూరం ఆ కంటికి అద్దాల్లేకుండా అందుతుంది, దూరం కుడి కన్ను చూసుకుంటుంది. అందరికీ ఈ తేడా పడదు. అందుకే ముందు కాంటాక్ట్ లెన్స్‌తో కొన్నాళ్లు అలా చూసి, పడితేనే ఒప్పుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు సగం కట్టిన కుచ్చు చీర ఒకటి సంచిలో వేసుకెళ్లి, మీరు ఎంత దూరంలో పట్టుకుంటారో చూపించండి. ఆ దూరం స్కేలుతో కొలిచి పవర్ లెక్కేస్తారు. ఎడమ కంటి కొలతలు తీసే ముందు మాత్రం కాంటాక్ట్ లెన్స్ ఎన్ని రోజులు ఆపాలో అడిగి, అన్ని రోజులూ ఆపండి. లేకపోతే కొలతే తప్పొస్తుంది.